బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూపు: ఈ రోజులు ఎలా గడపాలి?

నీలాకాశం (మంగళవారం, అర్ధరాత్రి దాటాక)

అందరికీ నమస్కారం. మెడ పక్కన చిన్న గడ్డలాంటిది చేతికి తగిలితే డాక్టరుకు చూపించాను. స్కాన్ చేసి, లింఫు గ్రంథి ఉబ్బిందన్నారు. మందులు వాడినా తగ్గకపోవడంతో గ్రంథిని మొత్తం తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టుకు వారం, పది రోజులు పట్టొచ్చని చెప్పారు.

ఆపరేషన్ అంటే భయం వేయలేదు కానీ ఈ ఎదురుచూపు మాత్రం నా వల్ల కావడం లేదు. పగలు ఏదో పనిలో పడి మర్చిపోతాను. రాత్రి అందరూ పడుకున్నాక మొదలవుతుంది. మెడకు రెండో వైపు, చంకల్లో ఇంకెక్కడైనా గడ్డ ఉందా అని తడుముకుంటూ ఉంటాను. ఫోన్‌లో వెతుకుతాను. ఏ లక్షణం కొట్టినా చివరికి క్యాన్సర్ దగ్గరే తేలుతుంది. గుండె దడ, వేళ్ల చివర్లు తిమ్మిరి. అవి కూడా జబ్బు లక్షణాలేనేమోనని ఇంకో భయం. మా ఆయన "ఏమీ కాదులే" అంటారు. ఆ మాటకు కోపం వస్తుంది, పాపం ఆయన తప్పేమీ లేదు.

ఇలాంటి రోజులు దాటినవాళ్లు ఉంటే ఏం చేశారో చెప్పండి. "ధైర్యంగా ఉండు" కాకుండా ఇంకేదైనా.

మోడరేటర్

నీలాకాశం గారూ, మనసు విప్పి రాసినందుకు సంతోషం. అందరికీ ఒక మనవి: ఇక్కడ ఎవరి రిపోర్టుకూ అర్థం చెప్పొద్దు, జబ్బు పేరు ఊహించొద్దు. ఛాతీలో నొప్పి, ఊపిరి అందకపోవడం, ఒక పక్క కాలూ చేయీ పడిపోవడం, ఆగని రక్తస్రావం లాంటివి ఉంటే ఇక్కడ అడుగుతూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా అంతే, ఆ క్షణమే దగ్గరివాళ్లకో డాక్టరుకో చెప్పాలి.

తీరం వెంట

నీలాకాశం గారూ, నాకు ఆరోగ్యం గురించి ఆందోళన చాలా ఏళ్ల నుంచి ఉంది. థెరపీ తీసుకున్నాను, ఇప్పుడు చాలా నయం. ముందు ఆ దడ, తిమ్మిరి సంగతి చెబుతాను.

భయం వేసినప్పుడు తెలియకుండానే ఊపిరి వేగంగా తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ చిమచిమలాడటం, తల తేలిపోయినట్టు అనిపించడం దాని వల్లే వస్తాయి. దడ అడ్రినలిన్ వల్ల. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండటం, కడుపులో తిప్పడం, మెడ కండరాలు బిగుసుకోవడం కూడా భయం చేసే పనులే. (ఇవి కొత్తగా మొదలైతే మీ డాక్టరుకు ఒకసారి చెప్పండి, అది వేరే విషయం.) అలా అయినప్పుడు ఊపిరి తీసుకునే దానికన్నా వదిలే సమయం ఎక్కువ ఉండేలా, నిదానంగా కొన్ని నిమిషాలు చేయండి. భయం మాయం కాదు కానీ తిమ్మిరి దిగుతుంది. ఆ తిమ్మిరి దిగిందంటేనే అది జబ్బు కాదని సగం అర్థమవుతుంది.

రెండోది తడుముకోవడం. ఇది నిజంగా ఆపాల్సిన పని. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా, ముఖ్యంగా సన్నగా ఉన్నవాళ్లకు, మెడలోనూ గజ్జల్లోనూ సెంటీమీటరు లోపు గ్రంథులు చేతికి తగులుతాయి. వెతికితే దొరుకుతాయి. ఒకే చోట పదేపదే నొక్కితే అక్కడ నొప్పి పుడుతుంది, కాస్త వాస్తుంది కూడా. ఇక ఆ నొప్పే కొత్త రుజువులా కనిపిస్తుంది.

తడుముకున్నా, వెతికినా, ఎవరినైనా "ఏం కాదు కదా" అని అడిగినా కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయి ఎక్కువసేపు నిలవదు. మళ్లీ కావాలనిపిస్తుంది, ఈసారి ఇంకొంచెం ఎక్కువ కావాలి. థెరపీలో నాకు నేర్పింది ఒక్కసారిగా మానేయమని కాదు, వాయిదా వేయమని. చేయి మెడ మీదకు వెళ్తే "ఇంకో అరగంట తర్వాత చూద్దాం" అనుకోవాలి. అరగంట అయ్యేసరికి ఆ తొందర చాలాసార్లు తగ్గి ఉంటుంది. తగ్గకపోతే మళ్లీ అరగంట.

మైక్రోస్కోప్

నేను పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తాను. రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతుందో తెలిస్తే కొంతమందికైనా మనసు కుదుటపడుతుందని రాస్తున్నాను.

మీ గ్రంథి ముందు ఫార్మలిన్‌లో పడుతుంది. కణజాలం కుళ్లకుండా, ఆకారం చెడకుండా ఫార్మలిన్ లోపలి దాకా ఇంకాలి. గంటలు పడుతుంది, ముక్క పెద్దదైతే ఇంకా ఎక్కువ. తర్వాత పాథాలజిస్టు దాన్ని కంటితో చూసి, కొలిచి, ఏ భాగాలు పరీక్షకు తీసుకోవాలో కోస్తారు. ఆ ముక్కల్లో నీరు పోవడానికి ఆల్కహాల్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా ముంచి, చివరికి కరిగిన పారాఫిన్ మైనంలో పెట్టి గట్టి దిమ్మెలా చేస్తాం. ఆ దిమ్మెను మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద 3 నుంచి 5 మైక్రాన్ల మందంలో పొరలుగా కోస్తాం. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నీటి మీద తేల్చి స్లైడు మీదకు ఎత్తి, ఆరబెట్టి, రంగులు వేస్తాం. ఒకటి కణ కేంద్రకాన్ని నీలంగా, ఇంకొకటి మిగతా భాగాన్ని గులాబీగా చూపిస్తుంది. అప్పుడు గానీ స్లైడు సూక్ష్మదర్శిని కిందకు వెళ్లదు.

ఇందులో తొందరపెట్టగల మెట్లు చాలా తక్కువ. పొర మడత పడితే మళ్లీ కోయాలి. అనుమానం ఉంటే పాథాలజిస్టు ఇంకో పాథాలజిస్టుకు చూపిస్తారు. మధ్యలో సెలవు వస్తే ఒక రోజు పోతుంది. ఈ కారణాల్లో ఏ ఒక్కటీ మీ జబ్బు గురించి ఏమీ చెప్పదు. "ఆలస్యమైందంటే చెడ్డదే" అని బయట చాలామంది అనుకుంటారు. నేను రోజూ చూసే పని ఇది, అలాంటి లెక్కేమీ లేదు. త్వరగా వచ్చిన చెడ్డ రిపోర్టులూ ఉన్నాయి, ఆలస్యంగా వచ్చిన మంచి రిపోర్టులూ ఉన్నాయి.

వెన్నెల దారి

నీలాకాశం గారూ, పాజిటివ్‌గా ఆలోచించండి. మనం ఏది అనుకుంటే అదే జరుగుతుంది. నెగెటివ్ ఆలోచనలు దగ్గరకు రానివ్వకండి. అంతా మంచే జరుగుతుంది.

రెండో ఇన్నింగ్స్

వెన్నెల దారి గారూ, మీ ప్రేమ అర్థమవుతోంది. కానీ ఈ మాటను నేను ఒప్పుకోలేను, ఎందుకో చెబుతాను.

నాకూ మెడలో గ్రంథి తీసి బయాప్సీ చేశారు. లింఫోమా, అంటే లింఫు కణాల క్యాన్సర్ అని వచ్చింది. చికిత్స అయిపోయి ఏళ్లు గడిచాయి, బాగున్నాను. ఎదురుచూసే రోజుల్లో అందరూ నాకు పాజిటివ్‌గా ఉండమనే చెప్పారు. రిపోర్టు అలా వచ్చాక నాకు మొదట కలిగిన అనుమానం ఏమిటో తెలుసా? నేను సరిగ్గా పాజిటివ్‌గా ఆలోచించలేదు కాబట్టే ఇలా వచ్చిందేమో అని. ఒక మనిషి మీద అంత బరువు పెట్టకూడదు. గ్రంథిని తీసిన రోజే అందులో ఏముందో అది ఉంది. ఆ తర్వాత మన ఆలోచన దాన్ని మార్చలేదు, చెడగొట్టనూ లేదు. నాకైతే ఆ విషయం తెలిశాకే ఊరట కలిగింది. అర్ధరాత్రి ఎంత చెడ్డ ఊహ వచ్చినా దాని వల్ల నాకు కొత్తగా ఏ హానీ జరగదు.

నీలాకాశం గారూ, నా రిపోర్టు అలా వచ్చిందని మీదీ అలాగే వస్తుందని దయచేసి అనుకోకండి. గ్రంథులు ఉబ్బడానికి మామూలు ఇన్ఫెక్షన్ నుంచి ఎన్నో కారణాలుంటాయి. నేను ఇక్కడ రాయడానికి కారణం ఒక్కటే. చెడ్డ వార్త విన్నవాళ్లు కూడా ఆ మర్నాడు నిద్రలేచి, ఏ డాక్టరు, ఏ మందు, ఎప్పుడు అని పనిలో పడతారు. మీరు ఊహిస్తున్న దృశ్యం "క్యాన్సర్" అన్న మాట దగ్గర ఆగిపోతుంది, అవునా? అసలు జీవితం అక్కడ ఆగదు.

లెక్కల మాస్టారు

పాజిటివ్ ఆలోచన మాట వచ్చింది కాబట్టి దీని మీద జరిగిన పరిశోధన ఒకటి చెబుతాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్‌లో కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎదురుచూపు మీదే ఏళ్లుగా పనిచేస్తున్నారు. లాయర్ల అర్హత పరీక్ష రాసి ఫలితాల కోసం నాలుగు నెలలు ఎదురుచూసే పట్టభద్రులను గమనించి 2016లో ఒక పత్రం ప్రచురించారు. ఆశగా ఉండటం, మనసు మళ్లించుకోవడం, ముందే తక్కువ ఆశించడం, ఇలా వాళ్లు వాడిన ఉపాయాలేవీ ఆందోళనను పెద్దగా తగ్గించలేదు. అయితే ఎదురుచూసినన్నాళ్లూ బాగా ఆందోళన పడినవాళ్లు చెడు ఫలితం వస్తే మెరుగ్గా తట్టుకున్నారు, మంచి ఫలితం వస్తే ఎక్కువ సంతోషించారు. మన పెద్దలు కీడెంచి మేలెంచమన్నది ఊరికే కాదు. కాబట్టి నీలాకాశం గారూ, టెన్షన్ పడుతున్నందుకు మళ్లీ టెన్షన్ పడక్కర్లేదు.

ఆ బృందమే తర్వాత ఇంకో సంగతి గమనించింది. మనసు పూర్తిగా లీనమయ్యే పని, మరీ తేలిక కాకుండా మరీ కష్టం కాకుండా, చేస్తుంటే ముందుకు సాగుతున్నట్టు తెలిసే పని, ఎదురుచూపును కాస్త తేలిక చేస్తుంది. టీవీ ముందు కూర్చుంటే ఆ ఫలితం రాదు, ఎందుకంటే టీవీకి మన మనసు సగమే చాలు, మిగతా సగం గడ్డ దగ్గరే ఉంటుంది. కుట్టుపని, సంగీత సాధన, కొత్త భాష, పజిళ్లు, తోటపని, ఎవరికి ఏది కుదిరితే అది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేసిన ప్రయోగం కూడా చెప్పాలి, అది కూడా 2016లోనే వచ్చింది. కంప్యూటర్ ఆటలో బండరాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాక్. షాక్ తప్పదని కచ్చితంగా తెలిసినప్పటి కన్నా, ఉంటుందో లేదో సగం సగం అన్నప్పుడే వాళ్ల శరీరంలో ఒత్తిడి ఎక్కువగా కనబడింది. చెమట, కంటిపాప మార్పులు చూసి కొలిచారు. అంటే మీ శరీరం తప్పుగా ప్రవర్తించడం లేదు. తెలియకపోవడం అనేదే మనిషిని అంతగా పీడిస్తుంది.

నీలాకాశం (గురువారం, ఉదయం)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రెండో ఇన్నింగ్స్ గారూ, మీ పోస్టు చదివి ఏడ్చాను, కానీ చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది. ఊపిరి నిదానంగా వదిలే పద్ధతి పనిచేస్తోంది. తడుముకోవడం మానలేదు, తగ్గింది.

ఫోన్‌లో వెతకడం ఎలా ఆపాలో మాత్రం తెలియడం లేదు.

తీరం వెంట

వెతకడం గురించి: 2008లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రయన్ వైట్, ఎరిక్ హార్విట్జ్ దీన్ని అధ్యయనం చేశారు. మామూలు లక్షణంతో మొదలైన వెతుకులాట అరుదైన, తీవ్రమైన జబ్బుల పేజీల వైపు ఎలా ఎగబాకుతుందో చూపించారు. తలనొప్పి అని మొదలుపెట్టినవాళ్లు మెదడులో కణితి దగ్గర తేలతారు. భయపెట్టే జబ్బు గురించే ఎక్కువమంది రాస్తారు, ఎక్కువమంది చదువుతారు. తనంతట తనే తగ్గిపోయిన గడ్డ గురించి పేజీ రాసేదెవరు? అందుకే అక్కడ కనిపించే నిష్పత్తి నిజమైన నిష్పత్తి కాదు.

నేను చేసే పని ఇది. వెతకాలనిపించిన ప్రశ్నను ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాస్తాను. సాయంత్రం ఒక అరగంట "భయానికి కేటాయించిన సమయం" అని పెట్టుకున్నాను, నిద్రకు దగ్గర కాకుండా. అప్పుడు ఆ కాగితం తీసి ఒక్కో ప్రశ్న చూస్తాను. దీని గురించి ఈ రోజు నేను చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంటే చేస్తాను. లేకపోతే "డాక్టరును అడగాలి" అని పక్కన రాస్తాను. ఆ సమయం దాటాక భయం వస్తే "రేపు సాయంత్రం" అంటాను. మొదట్లో కృత్రిమంగా ఉంటుంది, నిజమే. కొన్నాళ్లకు మనసుకు అలవాటవుతుంది.

రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టండి. చిన్న పనే కానీ దాని విలువ పెద్దది.

మజిలీ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది చిన్న విషయమే. రక్తపరీక్షల ఫలితాలు ఆసుపత్రి యాప్‌లో వచ్చేశాయి. డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే వారం. రెండు చోట్ల ఎర్ర గుర్తు ఉంది, అంకెలు మామూలు కన్నా కొంచెమే ఎక్కువ. నిన్నటి నుంచి తిండి సహించడం లేదు.

లెక్కల మాస్టారు

మజిలీ గారూ, చిన్న విషయం కాదు, అందరికీ పనికొచ్చేదే. పక్కన రాసే "మామూలు హద్దులు" ఎలా వస్తాయంటే, ఆరోగ్యంగా ఉన్న చాలామందికి పరీక్ష చేసి, వాళ్లలో మధ్యనున్న 95 శాతం మంది అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉన్నాయో చూస్తారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో అయిదుగురికి ఎర్ర గుర్తు పడటం ఆ పద్ధతిలోనే ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయించుకుంటే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక ఎర్ర గుర్తు వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. డాక్టరు చూసేది గుర్తును కాదు. హద్దు దాటింది ఎంత, గతంలో ఎంత ఉండేది, మిగతా అంకెలతో కలిపి ఏం చెబుతోంది, మీకు లక్షణాలున్నాయా అని. విలువ ప్రమాదకరంగా ఉంటే చాలా ల్యాబులు అప్పటికప్పుడే డాక్టరుకు ఫోన్ చేస్తాయి. అయినా మనసు ఆగకపోతే క్లినిక్‌కు ఫోన్ చేసి "డాక్టరు గారు ఒకసారి చూసి, వచ్చే వారం దాకా ఆగొచ్చో లేదో చెప్పగలరా" అని అడగండి. అలా అడగడం తప్పు కాదు.

ఇంకొకటి. జబ్బు తక్కువమందిలో ఉన్నప్పుడు చేసే స్క్రీనింగ్ పరీక్షల్లో "పాజిటివ్" అన్నా చాలాసార్లు జబ్బు ఉండదు. వెయ్యిమందిలో పదిమందికి ఒక జబ్బు ఉందనుకుందాం. పరీక్ష వాళ్లలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్లలో 9 శాతాన్ని పొరపాటున పాజిటివ్ అంటుంది. జబ్బు లేని 990 మందిలో అది సుమారు 89 మంది. మొత్తం పాజిటివ్‌లు 98, నిజంగా జబ్బున్నవాళ్లు 9. అంటే దాదాపు పదకొండుమందిలో ఒకరు. అందుకే మళ్లీ పరీక్షకు పిలుస్తారు. నీలాకాశం గారి బయాప్సీకి ఈ లెక్క వర్తించదు, అది నేరుగా కణజాలాన్ని చూసే పరీక్ష. కలిపి చదువుకోకండి.

మజిలీ

క్లినిక్‌కు ఫోన్ చేశాను. డాక్టరు చూశారట, తొందర లేదు, అపాయింట్‌మెంట్‌కే రమ్మన్నారు. ఇంత సులువని తెలియక ఒక రాత్రంతా కూర్చున్నాను. మాస్టారూ, కృతజ్ఞతలు.

చినుకు

నా ప్రశ్న ఎదురుచూసేవాళ్ల గురించి కాదు, పక్కనున్నవాళ్ల గురించి. మా అమ్మ స్కాన్ రిపోర్టు కోసం చూస్తున్నాం. "ఏమీ కాదు" అంటే ఆవిడ మాట్లాడటం మానేస్తోంది. ఏమీ అనకపోతే నాకేం పట్టనట్టు ఉంటుంది. నీలాకాశం గారూ, మీ వారు ఏమంటే బాగుండేదని మీకు అనిపిస్తుంది?

నీలాకాశం

చినుకు గారూ, ఆలోచించి చెబుతున్నాను. "ఏమీ కాదు" అన్నప్పుడు ఇక దాని గురించి మాట్లాడొద్దని తలుపు వేసినట్టు వినిపిస్తుంది. "భయంగా ఉందా? నాకూ ఉంది" అంటే చాలు. నిన్న మా ఆయనకు ఈ చర్చ చూపించాను. రాత్రి నా దగ్గర కూర్చుని "మాట్లాడాలా, ఊరికే కూర్చోవాలా" అని అడిగారు. ఊరికే కూర్చోమన్నాను.

రెండో ఇన్నింగ్స్

చినుకు గారికి ఇంకో మాట. చుట్టాలు, స్నేహితులు ఫోన్ చేసి "వచ్చిందా రిపోర్టు" అని అడుగుతూ ఉంటారు. ప్రేమతోనే అడుగుతారు కానీ ఒక్కో ఫోన్‌కూ అమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఆ ఫోన్లన్నీ మీరు తీసుకోండి. "తెలియగానే మేమే చెబుతాం" అనండి. నా విషయంలో మా అన్నయ్య చేసినవన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క పనీ ఒక ఎత్తు.

నీలాకాశం (సోమవారం, మధ్యాహ్నం)

ఇప్పుడే ఫోన్ వచ్చింది. రిపోర్టు సిద్ధం కాలేదు, "ఇంకో రకం పరీక్షలు అదనంగా పెట్టాం, మరికొన్ని రోజులు పడుతుంది" అన్నారు. ఏదో కనిపించింది కాబట్టే కదా అదనంగా పెట్టింది? కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మైక్రోస్కోప్ గారూ, మీరు ఉంటే ఒక్క మాట చెప్పండి.

మైక్రోస్కోప్

ఉన్నాను. మీకు అబద్ధం చెప్పను, ఉత్తుత్తి ధైర్యమూ చెప్పను.

అదనపు పరీక్ష అంటే మామూలుగా రెండు రకాలు. ఒకటి, సూక్ష్మజీవులు కనిపించడానికి వేసే ప్రత్యేకమైన రంగులు. క్షయ బ్యాక్టీరియాకు ఒకటి, ఫంగస్‌కు ఒకటి, అలా. రెండోది ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. కణాల మీద ఏ ప్రోటీన్లు ఉన్నాయో యాంటీబాడీలతో గుర్తించడం. లింఫు గ్రంథిలో మామూలుగా ఇన్ఫెక్షన్‌కు స్పందించిన కణాలు, లింఫోమా కణాలు కొన్నిసార్లు ఒకేలా కనబడతాయి. వాటిని వేరు చేయడానికి ఈ పరీక్ష పెడతారు. క్యాన్సర్ అని రుజువు చేయడానికీ పెడతారు, కాదని తేల్చడానికీ పెడతారు. బయట నుంచి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు, నాకు కూడా తెలియదు. కాబట్టి ఈ ఫోన్ నుంచి మీరు తీసుకోగల నిజమైన సమాచారం ఒక్కటే: పాథాలజిస్టు ఊహించి రాసేయకుండా నిర్ధారించుకుంటున్నారు. మీ స్థానంలో నేను ఉన్నా అదే కోరుకుంటాను.

రిపోర్టు భాష గురించి కూడా ముందే చెబుతాను. "ఫలానా జబ్బుకు సరిపోయేలా ఉంది", "సూచిస్తోంది", "క్లినికల్‌గా సరిపోల్చుకోవాలి" లాంటి మాటలు ఉంటాయి. చదివితే ఏదో దాస్తున్నట్టు అనిపిస్తుంది. దాచడం కాదు. స్లైడు చూసినవాళ్లు మిమ్మల్ని చూడలేదు, మిమ్మల్ని చూసిన డాక్టరు స్లైడు చూడలేదు. ఇద్దరి సమాచారం కలిస్తేనే నిర్ణయం. అందుకే యాప్‌లో రాత్రిపూట ఒక్కరే తెరిచి చదవొద్దు.

తీరం వెంట

దీనికి నాదొక సూచన. రిపోర్టు వచ్చినట్టు ఫోన్‌లో సందేశం వచ్చే ఏర్పాటు ఉంటే ఆపేయండి. ఎప్పుడు, ఎవరి పక్కన తెరవాలో ఇవాళే నిర్ణయించుకోండి. క్లినిక్‌కు ఫోన్ చేసి ఫలితం ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు, ఏ రోజు దాటితే మీరు అడగాలి అని కనుక్కోండి. చాలా చోట్ల బయాప్సీ ఫలితాన్ని ఫోన్‌లో చెప్పరు, అందరినీ నేరుగా రమ్మంటారు. అది ముందే తెలిస్తే "రమ్మన్నారు" అన్న ఒక్క మాటకు గుండె జారిపోదు.

ఈ రోజుకు ఇంకేమీ సాధించక్కర్లేదు. అన్నం తినండి, స్నానం చేయండి, పడుకోండి. నిద్ర అసలే లేకపోతే, తినలేకపోతే, పని చేసుకోలేకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, ఎదురుచూపులో ఉన్న ఆందోళనకు కూడా సాయం ఉంటుంది. రిపోర్టు మంచిగా వచ్చాక కూడా నెలల తరబడి ఇదే భయం కొనసాగితే నాలాగా థెరపీకి వెళ్లండి. ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ రకం ఆందోళనకు బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. నాకూ పనిచేసింది.

రెండో ఇన్నింగ్స్

డాక్టరు దగ్గరకు ఎవరినైనా తీసుకెళ్లండి. మొదటి వాక్యం తర్వాత మనకేమీ వినిపించదు, రెండో మనిషి చెవులు కావాలి. ప్రశ్నలు ముందే రాసుకోండి. రిపోర్టులో ఏముంది, ఎంత కచ్చితం, ఇంకేమైనా పరీక్ష కావాలా, తర్వాతి అడుగు ఏమిటి, ఎంత తొందరగా. డాక్టరు ఒప్పుకుంటే మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

నీలాకాశం (శుక్రవారం, సాయంత్రం)

రిపోర్టు వచ్చింది. లింఫోమా కాదు.

గ్రాన్యులోమాలు (రోగనిరోధక కణాల చిన్న గుంపులు) ఉన్నాయి, క్షయకు సరిపోయేలా ఉంది అని రాశారు. ఆపరేషన్ రోజున డాక్టరు గ్రంథిలో ఒక ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా విడిగా పంపారట. దాని మీద చేసిన జీన్ పరీక్షలో క్షయ బ్యాక్టీరియా దొరికింది. ముఖ్యమైన మందు పనిచేస్తుందని కూడా అందులోనే తేలిందన్నారు. కల్చర్ (బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) ఫలితానికి ఆరు వారాల దాకా పట్టొచ్చట. మళ్లీ ఎదురుచూపు! కానీ మందులు దాని కోసం ఆగవు, సోమవారమే మొదలు. ఆరు నెలలు.

మా ఆయన పక్కనే ఉన్నారు, ప్రశ్నల కాగితం ఆయనే చదివారు. ఇంటికి వచ్చాక ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. సంతోషమో బాధో ఇంకా తెలియడం లేదు. పిల్లలకు అంటుతుందేమోనని భయం.

మైక్రోస్కోప్

మీ డాక్టరు ముందుచూపుకు నమస్కారం. ఫార్మలిన్ పడితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ఇక కల్చర్ చేయడానికి ఏమీ మిగలదు. విడిగా పంపడం చాలామంది మర్చిపోయే పని. ఆ జీన్ పరీక్ష యంత్రంలో రెండు గంటల్లో తేలుతుంది. కల్చర్‌లో ఈ బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే వారాలు. మిగతా మందులు కూడా పనిచేస్తాయో లేదో అందులో చూస్తారు.

మట్టివాసన

నేను గ్రంథుల క్షయకు మందులు పూర్తిచేశాను, ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను, ఇప్పుడు నేను చెప్పగలిగింది ఉంది.

గ్రంథుల్లో మాత్రమే ఉన్న క్షయ మామూలుగా ఇంకొకరికి అంటదు. ఊపిరితిత్తుల్లో ఉంటేనే దగ్గు, తుమ్ము ద్వారా గాలిలో వ్యాపిస్తుంది. అందుకని ఛాతీ ఎక్స్‌రే తీసి అక్కడ ఏమీ లేదని చూస్తారు. మీకు తీయకపోతే అడగండి.

ఆరోగ్యం గురించి బెంగపడే మనిషికి ముందే తెలియాల్సినవి మూడున్నాయి. ఒకటి, మందులు మొదలుపెట్టగానే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. చెమట, కన్నీళ్లు కూడా. అది రిఫాంపిసిన్ అనే మందు రంగు, రక్తం కాదు. రెండు, కొందరికి చికిత్స మధ్యలో గ్రంథులు ఇంకా ఉబ్బుతాయి, కొత్తవి కూడా తేలతాయి. చచ్చిపోతున్న బ్యాక్టీరియా మీద శరీరం చూపించే స్పందన అది. మందు పనిచేయడం లేదని దానికి అర్థం కాదు, అయినా డాక్టరుకు చూపించాలి. మూడోది మాత్రం ఆగకూడనిది. కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, చూపు మసకబారడం లేదా రంగులు తేడాగా కనిపించడం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఒంట్లో బాగుందని మధ్యలో మందులు మానడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు.

నీలాకాశం

నారింజ రంగు గురించి చెప్పకపోయి ఉంటే సోమవారం సాయంత్రం నేను ఆసుపత్రిలో ఉండేదాన్ని. ఎక్స్‌రే రేపు ఉదయం తీస్తామన్నారు. చినుకు గారూ, అమ్మ స్కాన్ సంగతి ఏమైంది?

చినుకు

ఇంకా రాలేదండి. బుధవారం అన్నారు. ఫోన్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. అమ్మ పక్క గదిలో కుట్టుమిషన్ మీద పనిచేసుకుంటోంది.